డ్రాయర్లో ఉన్న పళ్ళే పెట్టాను

పర్లాకిమిడిలో మా క్లినిక్‌లో కట్టుడు పళ్ళు చేయించుకున్నవాళ్ళకీ, చేయించుకుందామని ఫోన్లు చేస్తున్నవాళ్ళకీ ఈ నాలుగు ముక్కలు. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి పూర్తి సెట్టుకి వెయ్యి రూపాయలు పెరుగుతోంది. ఇదివరకటి కంటే ఒకసారి ఎక్కువ రావాల్సి ఉంటుంది కూడా. ఎందుకో చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి.

మొన్న వేసవిలో పాతపట్నం నుంచి ఒక పెద్దమ్మ మనవణ్ణి తీసుకొచ్చింది, వాడికి పాలపన్ను కదులుతోందని. రెండేళ్ళ కిందట ఆవిడకి పైనా కిందా సెట్టు చేసింది నేనే. ఇప్పుడు చూస్తే బోసినోరు. “సెట్టేదీ పెద్దమ్మా?” అన్నాను. “ఇంటికాడుంది బాబూ, బాగానే ఉంది” అంది. బాగుంటే నోట్లో ఉండాలి కదా! ఆవిడ ఇంక మాట్లాడలేదు. కుర్రాడే బయటపెట్టేశాడు: “మామ్మ ఆ పళ్ళెట్టుకుంటే మామ్మలాగుండదు.”

తర్వాతి వారం ఆవిడ చేత సెట్టు తెప్పించుకున్నాను. స్టీలు డబ్బాలో, నీళ్ళలో, మెరిసిపోతూ ఉంది. రెండేళ్ళూ రోజూ నీళ్ళు మార్చిందట. పెట్టుకోవడం మాత్రం పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కూడా లేదు. పెట్టి చూశాను. పట్టు బాగుంది, ఎక్కడా గుచ్చుకోవడం లేదు. కానీ చిన్న మొహం, సన్నటి పెదవులు, వాటి మధ్య పలకల్లాంటి పళ్ళు, ట్యూబులైటు వెలిగించినంత తెలుపు. నవ్వమంటే కొంగు అడ్డం పెట్టుకుంది. “మరి అప్పుడే చెప్పలేకపోయావా?” అంటే, “నువ్వంత కష్టపడి చేసేవు, ఏటని చెప్తాను?” అంది. మన వాళ్ళ మొహమాటం తెలిసి కూడా, ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి అందరికీ బాగానే కుదిరాయనుకుంటూ వచ్చాను.

ఆ రాత్రి పాత రిజిస్టరు తిరగేశాను. ఆ ఏడాది చేసిన సెట్లన్నిటికీ పై ముందు పళ్ళు రెండంటే రెండు అచ్చులు (అంటే సైజు, ఆకారం), షేడ్లూ (రంగులూ) రెండే. పళ్ళు మాకు మైనం పట్టీలకి అతికించి కార్డుల మీద వస్తాయి: పై ముందు పళ్ళు ఆరు, కింద ముందు పళ్ళు ఆరు, దవడ పళ్ళు పైకి ఎనిమిది, కిందికి ఎనిమిది, మొత్తం 28. ముందు పళ్ళలో కంపెనీలు బోలెడన్ని అచ్చులు ఇస్తాయి, ఒక్కో అచ్చూ మళ్ళీ రకరకాల షేడ్లలో. అన్నీ కొంటే డబ్బంతా డ్రాయర్లో నిద్రపోతుందని రెండు రకాలే తెప్పించి, వచ్చినవాళ్ళని వాటికి సర్దేశాను. ఏడో నెంబరు, తొమ్మిదో నెంబరు చెప్పులే పెట్టుకుని కొట్టు నడిపినట్టు. పైగా సాయంత్రం బండికి గుణుపురం వైపు వెళ్ళాల్సినవాళ్ళు ‘వేగం కానీ బాబూ’ అంటుంటే, అదీ ఒక సాకయింది నాకు.

ఇప్పుడు అచ్చులు పెంచాను. పెరిగిన వెయ్యిలో సగం పైగా అక్కడికే పోతోంది. పద్ధతి కూడా మార్చాను.

సైజు సంగతి. ముక్కు రెక్కల అంచుల నుంచి కిందికి గీత గీస్తే దాదాపు కోరపళ్ళ దగ్గరికి వస్తుంది. పెదవుల మూలలు ఇంకో గుర్తు. మైనం దిమ్మె (పళ్ళు గుచ్చబోయే మైనపు గట్టు) నోట్లో ఉండగానే ఈ గుర్తులు పెట్టుకుంటే ఆరు ముందు పళ్ళకి ఎంత చోటుందో తెలుస్తుంది. ఇంకో పాత లెక్క ఉంది, పై మధ్య పన్ను వెడల్పు బుగ్గ ఎముకల దగ్గర మొహం వెడల్పులో పదహారో వంతు ఉంటుందని. మొహం 128 మిల్లీమీటర్లుంటే పన్ను 8 అన్నమాట. పెద్దమ్మ మొహం కొలిస్తే ఆ లెక్కకి ఏడున్నర చాలు, నేను పెట్టినవి తొమ్మిది. మిల్లీమీటరున్నరే కదా అనిపిస్తుంది, కానీ మధ్యలో రెండూ పక్కపక్కన నిలబడేసరికి ఎదుటివాళ్ళకి ఇంకేమీ కనబడదు. పొడవు మాత్రం లెక్కతో తేలదు. పెదవులు వదులుగా ఉన్నప్పుడు పై పన్ను అంచు కొద్దిగా, ఒకటి రెండు మిల్లీమీటర్లు కనబడాలి. వయసు పెరిగేకొద్దీ పై పెదవి జారుతుంది, కింది పళ్ళే ఎక్కువ కనబడతాయి. డెబ్భై ఏళ్ళ మనిషికి పాతికేళ్ళ పొడవు పెడితే అందుకే వింతగా ఉంటుంది. గట్టిగా నవ్వినప్పుడు పెదవి ఎంత పైకి లేస్తుందో కూడా చూస్తాను. అందుకని ట్రయల్ (మైనంలో పళ్ళు పెట్టి చూసే) రోజున నవ్వించేవాళ్ళని వెంటబెట్టుకు రండి. నా జోకులకి ఎవరూ నవ్వడం లేదు.

ఆకారం గురించి కాలేజీలో మాకు చెప్పింది లియాన్ విలియమ్స్ సిద్ధాంతం. 1914 నాటిది. పలక మొహానికి పలక పన్ను, కోల మొహానికి కోల పన్ను, కిందికి సన్నబడే మొహానికి అలాంటి పన్ను. మొహాన్ని తలకిందులు చేస్తే పన్ను ఆకారం వస్తుందని. వినడానికి బాగుంటుంది. తర్వాత కొలతలు తీసి చూసినవాళ్ళకి చాలామందిలో ఆ పోలిక కుదరలేదు. అదీకాక పళ్ళు పోయి బుగ్గలు లోపలికి పీక్కుపోయిన మొహాన్ని చూసి ఏ ఆకారమని చెప్పాలి? ఆడవాళ్ళకి గుండ్రటి మూలలు, మగవాళ్ళకి పలక మూలలు అని 1950ల్లో ఇంకో వాదం వచ్చింది. అదీ నేను పెద్దగా పట్టించుకోను. బస్తాలు మోసే మగవాళ్ళకి చిన్న గుండ్రటి పళ్ళుండటం రోజూ చూస్తూనే ఉన్నాను.

నేను నమ్మేది పాత ఫోటో. దాంట్లోనూ చిక్కుంది, ఆ కాలం పెళ్ళి ఫోటోల్లో ఒక్కరూ నవ్వి చావరు! మూతులు బిగించి, కళ్ళు పెద్దవి చేసి కూర్చుంటారు. అలాంటప్పుడు కొడుకునో కూతురునో తీసుకురండి, వాళ్ళ పళ్ళు చూస్తే సగం దారి దొరుకుతుంది. ఇంకా మంచిది, ఉన్న పళ్ళు పీకించుకోకముందే ఒకసారి నా దగ్గరికి రావడం. ఫోటో, అచ్చు తీసి పెట్టుకుంటాను, దానికి డబ్బులు తీసుకోను. ఊడిన పన్ను ఇంటి కప్పు మీదికి విసరడం పిల్లలకి సరే, మీది మాత్రం పొట్లం కట్టి తెండి.

రంగు దగ్గరే గొడవలన్నీ. అందరూ అడిగేది ఒకటే, “తెల్లగుండాలి బాబూ.” షేడ్ గైడ్‌లో (రంగుల నమూనా పళ్ళ పట్టీలో) 16 రంగులుంటాయి, ఏ, బీ, సీ, డీ అని నాలుగు వరసల్లో. ఏ వరసవి కాస్త గోధుమ ఛాయ, బీవి పసుపు ఛాయ, సీవి బూడిద ఛాయ, డీవి బూడిదలో కొంచెం ఎరుపు. ఒక్కో వరసలో నెంబరు పెరిగేకొద్దీ మామూలుగా రంగు ముదురుతుంది. బీ1, ఏ1 అన్నిటికంటే తెల్లవి, సీ4 బాగా మబ్బు. వయసొచ్చాక సొంత పళ్ళే పైపొర అరిగి లోపలి పసుపు బయటపడుతుంది. కోరపళ్ళు ఎప్పుడూ మధ్య పళ్ళకంటే ఒక పిసరు ముదురు. ఇవన్నీ తెలిసి కూడా ఏ1 అడిగినవాళ్ళకి ఏ1 ఇచ్చేశాను, వాదించే ఓపిక లేక. పైగా ఒక కంపెనీ గైడ్ చూసి ఇంకో కంపెనీ పళ్ళు తెప్పించాను. పేరు ఒకటే అయినా రంగు ఒకటి కాదు. ఇకనుంచి ఏ కంపెనీ పళ్ళయితే ఆ కంపెనీ గైడే.

నాకు షేడు చూడటం నేర్పింది మాత్రం కాలేజీ కాదు, మా ఊళ్ళో కొమ్ముపని చేసే ఒక పెద్దాయన. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు, దువ్వెనలు మీకు తెలిసినవే. రాత్రి ఏడింటికి ట్యూబులైటు కింద ఆయన సెట్టుకి నేను ఏ2 ఖాయం చేస్తుంటే ఆయన ఒప్పుకోలేదు. “కొమ్ము రంగు దీపం కాడ తేల్చం బాబూ” అని వెళ్ళిపోయి, మర్నాడు పొద్దున్నే వచ్చాడు. రెండు పళ్ళ ముక్కలూ తీసుకుని వరండాలోకి నడిచాడు. ఎండలో కాకుండా నీడలో నిలబడ్డాడు. ముక్కని నాలుకతో తడి చేశాడు, ఎండిన పన్ను రంగు వేరుగా ఉంటుంది కాబట్టి. పెదవి కిందకి పెట్టుకుని అద్దంలో క్షణం చూసి తీసేశాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీసేశాడు. అలా పావుగంట. ఏ3 దగ్గర ఆగాడు. ఆయన చేసిందంతా మా పుస్తకాల్లో ఉన్నదే: పగటి వెలుతురు, తడి, ఒక్కోసారి ఐదు సెకన్లకి మించి చూడకపోవడం, ఎందుకంటే కన్ను అలిసిపోతే తేడా పట్టదు. చదివింది నేను, చేసింది ఆయన. (నాలుకతో తడి చేయడం మాత్రం మీరు చేయకండి, గ్లాసులో నీళ్ళు పెట్టాను.)

ఆయన వెళ్ళాక మా గోడల వంక చూశాను. చిలకాకుపచ్చ. పెయింటరు మిగిలిన డబ్బా చవగ్గా వస్తుందంటే వేయించాను. పచ్చటి గోడ మధ్య ఏ రంగైనా ఎర్రగా తోస్తుంది, ఆ గదిలోనే ఇన్నేళ్ళూ షేడ్లు చూశాను. ఇప్పుడు లేత బూడిద రంగు వేయించాను, చూడ్డానికి ఆఫీసులా ఉంది, ఏం చేస్తాం. ఎర్ర చీరల మీద కూడా బూడిద గుడ్డ కప్పుతాను, ఏమీ అనుకోకండి. షేడు పొద్దున్న పది నుంచి పన్నెండు లోపే చూస్తాను. లిప్‌స్టిక్, నోట్లో కిళ్ళీ లేకుండా రండి.

అడ్డపొగ తాగే అవ్వలకి ఇంకో మాట. చుట్ట నిప్పు లోపలికి పెట్టుకునేవాళ్ళు మా వైపు ఊళ్ళలో ఇంకా ఉన్నారు. ఆ వేడి తగిలేది అంగిలికే, పై సెట్టు కూర్చునేదీ అక్కడే. అంగిలి మీద తెల్ల మచ్చలో, ఎర్ర చుక్కలో, పుండో ఉంటే సెట్టు సంగతి తర్వాత, ముందు దాన్ని చూడాలి. అంగిలి క్యాన్సరు ఈ అలవాటు వల్ల వస్తుంది, భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ నిప్పు ముందు పళ్ళ రంగు ఒక లెక్కే కాదు.

దవడ పళ్ళు ఎలాంటివో నన్నే తేల్చనివ్వండి. చిగురు గట్టు ఎత్తుగా ఉన్నవాళ్ళకి గుట్టలున్న పళ్ళు, గట్టు అరిగిపోయినవాళ్ళకి చదును పళ్ళు. లేకపోతే నమిలినప్పుడల్లా సెట్టు పక్కకి జరుగుతుంది. పింగాణీ పళ్ళు కావాలని ఒకరిద్దరు అడిగారు. అవి టకటక చప్పుడు చేస్తాయి, పెళుసు, గులాబీ ప్లాస్టిక్‌తో వాటంతట అవి అతుక్కోవు. నేను చేయను.

ఇక ట్రయల్. మైనంలో పళ్ళు గుచ్చి నోట్లో పెట్టి చూపిస్తాను. ఇదివరకు అదే పూట ‘సరేనా?’ అని ల్యాబ్‌కి పంపేసేవాణ్ణి. ఇప్పుడు ఒక రోజంతా ఇస్తున్నాను, ఇంట్లోవాళ్ళు వచ్చి చూడాలి. పళ్ళ పొడవు సరిపోయిందో లేదో చూడటానికి ఫకారం పలికించమని పుస్తకాల్లో ఉంటుంది, పై పన్ను అంచు కింది పెదవిని తాకాలి కాబట్టి. కాఫీ అనమంటే మా పెద్దవాళ్ళు ‘కాపీ’ అంటారు, పెదవులు రెండూ మూసుకుపోతాయి. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడిన ఊరు ఇది, ఇక్కడ కూర్చుని వాళ్ళ ఉచ్చారణ దిద్దే ధైర్యం నాకు లేదు. వకారానికీ పన్ను అలాగే పెదవిని తాకుతుంది కాబట్టి ‘వంకాయ, వేపపువ్వు, వానవిల్లు’ అనిపిస్తున్నాను. ఒడియా వాళ్ళతో అదీ కుదరదు, వాళ్ళ నోట్లో వకారం బకారమైపోతుంది.

మైనంలో ఉన్నంతసేపూ ఎన్నిసార్లు మార్చమన్నా మారుస్తాను, డబ్బు అడగను. ప్లాస్టిక్ నింపి 74 డిగ్రీల నీళ్ళలో రెండు గంటలు, ఆపైన మరిగే నీళ్ళలో గంట ఉడికాక పన్ను కదలదు. ఆ తర్వాత ‘ఇంకొంచెం తెలుపు’ అంటే ఖర్చు మీదే. మొహమాటపడి ఊరుకుంటే మాత్రం ఇద్దరికీ నష్టం.

గత మూడేళ్ళలో నా దగ్గర చేయించుకుని, డబ్బాలో దాచుకున్నవాళ్ళు డబ్బాతో సహా రండి. పట్టు బాగుంటే మొత్తం కొత్తది అక్కర్లేదు, ముందు పళ్ళు ఆరూ కోసి తీసి వేరేవి పెట్టవచ్చు. పళ్ళ కార్డు ఖరీదు, చేసే కూలి, రెండూ నావే. పట్టు వదులైతే దాని సంగతి చూసి చెప్తాను, దానికి మాత్రం ఖర్చవుతుంది. ఒక్కసారే అందరూ వస్తే నా వల్ల కాదు, మంగళ, గురువారాలు పొద్దుటిపూట వీటికి కేటాయించాను, ఫోన్ చేసి రండి.

పెద్దమ్మ సెట్టు ఇంకా మైనంలోనే ఉంది. ఏ3లో చిన్న అచ్చు పెట్టాను. ఎడమవైపు పన్ను ఒకటి కొద్దిగా తిప్పి పెట్టమంది, వయసులో అలాగే ఉండేదట. గురువారం కూతురు వచ్చి చూస్తానంది.