పన్నెండు గంటల షిఫ్టులో సెట్టర్ ఎలా తయారవుతాడు? కర్ణాటక కార్మిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

కన్నడలో అర్జీ విడిగా ఇచ్చుకున్నాం. ఇది తెలుగులో రాయడం ఎందుకంటే, బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యాలోని షెడ్లలో సీఎన్‌సీ మెషీన్ల (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో లోహం చెక్కే యంత్రాల) ముందు నిలబడే హిందూపురం, మడకశిర, మదనపల్లె కుర్రాళ్లూ చదవాలని.

2023లో ఫ్యాక్టరీల చట్టానికి రాష్ట్రం తెచ్చిన సవరణతో రోజుకు 12 గంటల దాకా పని చేయించుకునే వీలు వచ్చింది. కార్మికుడు రాసి ఒప్పుకోవాలి, వారానికి 48 గంటలు దాటకూడదు అన్నవి అందులో షరతులు. అంటే నాలుగు రోజుల పనికి మూడు రోజుల సెలవు. ఆ మూడు రోజులూ ఇచ్చే షెడ్డు ఉంటే చూపించండి, వెళ్లి దండం పెట్టుకుంటాం. మా చుట్టుపక్కల ఆరు రోజులూ పన్నెండు గంటలే. ఒప్పుకోలు కాగితం చేరిన రోజే పీఎఫ్ ఫారాల మధ్య పెట్టి సంతకం చేయిస్తారు. ఇలాంటి బిల్లునే తమిళనాడు 2023 ఏప్రిల్‌లో ఆమోదించి, మే డే నాడు వెనక్కి తీసుకుంది.

ఓటీకి (ఓవర్‌టైమ్‌కి) రెట్టింపు రేటు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే పెట్టారు. బేసిక్‌తో పాటు అలవెన్సులూ కలిపి లెక్కగట్టాలని అందులో ఉండేది. మా స్లిప్పుల్లో మాత్రం బేసిక్‌ను కుదించి, దాని మీద ‘సింగిల్ ఓటీ’, అంటే రెట్టింపు లేని మామూలు రేటే, వేస్తారు. మెషీన్ నడిపేవాడు మస్టర్‌లో (హాజరు పట్టీలో) హెల్పర్‌గానే ఉంటాడు.

డబ్బు ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాను. ఆపరేటర్ జీతం పెరగాలంటే వాడు సెట్టర్ అవ్వాలి, అంటే మెషీన్‌ను పనికి సిద్ధం చేసేవాడు. డ్రాయింగ్ చదవాలి, టూల్ ఆఫ్‌సెట్ (కోసే పనిముట్టు కొలతల సవరణ) పెట్టాలి, ప్రోగ్రామ్ దిద్దాలి. షిఫ్టంతా వాడు చేసేదేమిటి? జాబ్ (చెక్కాల్సిన ముక్క) బిగించడం, తలుపు మూయడం, సైకిల్ స్టార్ట్ నొక్కడం, గేజ్ పెట్టి చూడటం. ఐటీఐలో రెండేళ్లు టర్నర్ (లేత్ పని) ట్రేడ్ చదివి అప్రెంటిస్‌గా వచ్చినవాణ్ణీ వారం తిరక్కుండా ఒంటరిగా మెషీన్‌కు అప్పగిస్తారు. స్టైపెండ్ ఖర్చుకే ఆపరేటర్ దొరికాడుగా! రాత్రి ఎనిమిదికి పంచ్ కొట్టి, లగ్గెరెలో రూముకు చేరి వండుకుని తినేసరికి పది. ఇక ఏ క్లాసుకు వెళ్తాడు? ఐదేళ్లయినా అదే బటన్.

రాజాజీనగర్‌లో మీ ప్రభుత్వ టూల్ రూమ్, శిక్షణ కేంద్రం జీటీటీసీ ఉండనే ఉంది. పనిచేసేవాళ్ల కోసం అక్కడ ఆదివారం బ్యాచ్ పెట్టించండి, ఫీజు యజమానులతో కట్టించండి. ఒప్పుకోలు కాగితం కార్మికుడి భాషలో, చేరిక ఫారాలకు దూరంగా తీసుకోమనండి. వద్దనుకున్నప్పుడు వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి.

తనిఖీకి మాత్రం ఇన్‌స్పెక్టర్‌ను పగలు పదకొండుకు పంపొద్దు, టీ తాగి వెళ్లిపోతారు. రాత్రి ఏడున్నరకు పంపండి. పొద్దున ఎనిమిదికి లోపలికెళ్లినవాడు అదే మెషీన్ దగ్గర దొరుకుతాడు, ఓటీ స్లిప్పు వాణ్ణే అడగమనండి.

ఇట్లు,
ఒక సీఎన్‌సీ సెట్టర్,
పీణ్యా, బెంగళూరు