పిల్లుల గిన్నెలో కుక్కల ఆహారం వద్దు

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం మన సెల్లారులో పిల్లుల గిన్నె నిండా ఎవరో కుక్కల ఆహారం పోసి వెళ్లారు. మంచి మనసుతోనే పెట్టి ఉంటారు, కానీ దయచేసి రోజూ అలా పెట్టకండి. కుక్కలు సాధారణంగా టారిన్ అనే పోషకాన్ని ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. పిల్లికి ఆ శక్తి చాలదు, తిండిలోంచే రావాలి. అది కొరవడితే చూపు దెబ్బతింటుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ఈ గుండె సంగతి 1987లో తేలాకే కంపెనీలు పిల్లుల ఆహారంలో టారిన్ పెంచాయి.

అమెరికాలో జంతువుల ఆహారానికి ప్రమాణాలు రూపొందించే ఆఫ్కో (AAFCO) అనే సంస్థ లెక్క ప్రకారం ఎదిగిన కుక్క ఆహారంలో కనీసం 18 శాతం ప్రోటీన్ ఉండాలి, ఎదిగిన పిల్లికి 26 శాతం. కూనలకు ఇంకా ఎక్కువ. ఇవన్నీ తేమ తీసేసి వేసే లెక్కలు. తడి ఆహారం ప్యాకెట్ మీద 8 శాతం అని చూసి కంగారుపడకండి. అందులో 80 శాతం నీరే అయితే, మిగిలిన 20లో 8 అంటే 40 శాతం!

కూకట్‌పల్లిలో ఒక దుకాణంలో పెద్ద సంచిలోంచి విడిగా తూచి ఇస్తున్నారు. అలా కొంటే అది పూర్తి ఆహారమో, చిరుతిండో, ఏ వయసుకో తెలిసే దారి లేదు. పిల్లుల ఆహారం డబ్బా వాచ్‌మన్ గది పక్కన పెట్టాను, అందులోంచి వాడండి.