మంచితనానికి కూడా మార్కులేనా?

సంపాదకులకు నమస్కారం.

చైనాలో పిల్లల్ని మెచ్చుకునే ‘పిన్ శ్వే జ్యెన్ యో’ అనే నానుడి మీద మీరు వేసిన వ్యాసం చదివాను. గుణంలోనూ చదువులోనూ మేటి అని దాని భావం. మార్కులకన్నా నడవడిని ముందు పెట్టారని రచయిత తెగ మురిసిపోయారు గానీ, అక్కడి బడుల్లో ఆ మెచ్చుకోలు ఎన్ని వేషాలు వేసిందో ఒక్క ముక్క రాయలేదు.

1953లో మావో యువజన సంఘం వాళ్లతో ఆరోగ్యం, చదువు, పని మూడూ బాగుండాలన్నాడు. అదే తర్వాత బడుల్లో గుణం, చదువు, ఆరోగ్యంగా మారి, మూడింట్లోనూ మంచివాళ్లని ఎంపిక చేసి ‘సాన్ హావ్’ (అంటే ‘మూడు మంచిలు’) విద్యార్థి అని ప్రశంసాపత్రం ఇవ్వడం మొదలైంది. పల్లెల్లో గోడ నిండా ఆ కాగితాలు అంటించుకున్న ఇళ్లుంటాయి, అమ్మానాన్నల సంబరం అది, తప్పేముంది? కానీ ప్రావిన్స్ స్థాయిలో ఎంపికైతే కాలేజీ ప్రవేశ పరీక్ష ‘గావోకావో’లో 20 మార్కుల దాకా కలిపే వీలు కల్పించారు. ఒక్క మార్కు తేడాతో సీటు చేజారే పరీక్షలో 20 మార్కులంటే ఊరికే వదులుతారా ఎవరైనా! బిరుదు కోసం పైరవీలు నడిచాయి, పలుకుబడి ఉన్నవాళ్ల పిల్లలకే గుణవంతులన్న పేరు దక్కుతోందని జనం మండిపడ్డారు. చివరికి 2014 డిసెంబర్‌లో ప్రభుత్వమే ఆ అదనపు మార్కుల్ని ఎత్తేసింది.

ఇంకోటి, నాకైతే ఇదే ఎక్కువ బాధనిపించింది. 2011లో చైనాలోని షియాన్ నగరంలో ఒక ప్రాథమిక పాఠశాల చదువులోనూ క్రమశిక్షణలోనూ వెనకబడ్డారంటూ ఒకటో తరగతి పిల్లల మెడలో ఆకుపచ్చ స్కార్ఫ్ కట్టింది, మిగతావాళ్లకి మామూలు ఎర్రది. కొందరు పసివాళ్లు గేటు దాటగానే దాన్ని విప్పేసుకునేవాళ్లని వార్తలొచ్చాయి. ప్రోత్సాహం కోసమే ఇచ్చామని బడి వాళ్ల సంజాయిషీ! గొడవయ్యాక మానేశారనుకోండి.

టర్మ్ చివర క్లాస్ టీచర్ ఒక్కో పిల్లాడి గురించి నాలుగు మాటలు రాసిచ్చే పద్ధతి అక్కడుంది, అది మాత్రం నాకు నచ్చింది. అందులోనూ అందరికీ ఈ నానుడే అచ్చుగుద్దినట్టు రాసేస్తే ఏం లాభం, జ్వరమొచ్చి రాని స్నేహితుడికి నోట్స్ రాసిపెట్టాడని ఒక వాక్యం రాస్తే పిల్లాడికీ తెలుస్తుంది, ఇంట్లోవాళ్లకీ తెలుస్తుంది. ఈసారి ఈ విషయం మీద వ్యాసం వేసేటప్పుడు ఆ 20 మార్కుల సంగతి కూడా రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు