ప్రొబేషన్‌కి వెళ్తున్న మన కుర్రాళ్లకి చేయూతనిచ్చిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

సెలవు మీద ఊరొచ్చి, తిరిగి యూనిట్‌కి వెళ్లగానే పారా స్పెషల్ ఫోర్సెస్ (సైన్యంలోని కమాండో దళం) ప్రొబేషన్‌కి, అంటే ఆ దళంలోకి మనిషిని ఎంచే కఠిన పరీక్షకి, పేరిస్తామన్న జవాన్లకి ఈ రెండు నెలలూ మన గ్రౌండ్‌లో సాయం చేసిన అందరికీ గ్రౌండ్ కమిటీ తరఫున నమస్కారాలు. ఉత్త థ్యాంక్స్ చెప్పి ఊరుకుంటే మీరు నేర్పింది గాలికి పోతుంది. అందుకే ఎవరు ఏం చెప్పారో వివరంగా రాస్తున్నాం. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయట్లేదు. ఎవరి గురించో ఊళ్లో అందరికీ తెలుసు.

మొదటి దండం అదే స్పెషల్ ఫోర్సెస్‌లో పనిచేసి రిటైరైన హవల్దార్ గారికి. ప్రొబేషన్‌ని ఇంటి దగ్గరే చేసేయకండి అన్నదే ఆయన మొదటి పాఠం. అక్కడ నెలల తరబడి నిద్ర లేకుండా, ఆకలితో నడిపించడానికి వాళ్లున్నారు. ఆ పని మనం ముందే చేసి అరిగిపోయిన మోకాళ్లతో వెళ్లడం దేనికి? దెబ్బ లేని కాళ్లతో గేటు దాటడమే ఇక్కడి పని అన్నారు. బీపీఈటీలో (సైన్యంలో జవాన్లకి పెట్టే ఒంటి సత్తువ పరీక్ష) 5 కిలోమీటర్లు, 60 మీటర్ల పరుగు, తాళ్లు, 9 అడుగుల కందకం ఎక్సలెంట్ గ్రేడులో కొట్టేస్తున్నాం కదా అని మురిసిపోయే కుర్రాళ్లకి అది గుమ్మం మాత్రమే, ఇల్లు ఇంకా లోపలుందని గుర్తు చేసిందీ ఆయనే.

బరువు మోతకి ఆయన రాసిచ్చిన లెక్క ఇది. మొదటి వారం 10 కిలోలు, 6 కిలోమీటర్లు. వారానికి రెండుసార్లే, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడం. తర్వాత ప్రతి వారం బరువు 2 కిలోలు పెంచాలి, లేదంటే దూరం 2 కిలోమీటర్లు పెంచాలి. రెండూ ఒకేసారి పెంచకూడదు. నాలుగో వారం పెంపు లేదు, సగం పనే. ఇలా వెళ్తే ఎనిమిదో వారానికి 18 కిలోలు, 10 కిలోమీటర్లకి చేరతారు. ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే. బరువుతో పరుగు అసలే వద్దు. కిలోమీటరు తొమ్మిది, పది నిమిషాల్లో పడేలా చురుకైన నడక చాలు, అదీ తారు రోడ్డు మీద కాదు, మట్టి బాట మీద.

సంచి సర్దడం దగ్గరే సగం మంది నడుము పోగొట్టుకుంటారు. బరువు కోసం ఇసుకని పాత లారీ ట్యూబు ముక్కలో పోసి, రెండు చివర్లా తాడు బిగించి, దుప్పట్లో చుట్టి, సంచి పైభాగంలో వీపుకి ఆనుకునేలా పెట్టాలి. అడుగున పడేస్తే సంచి వెనక్కి లాగుతుంది, మనిషి ముందుకి వంగుతాడు, మూడో కిలోమీటరుకే నడుము పట్టేస్తుంది. మొత్తం బరువులో ఓ 8 కిలోలు నీళ్ల సీసాలుగా పెట్టుకుంటే కొండ ఎక్కాక ఆ నీళ్లు పారబోయొచ్చు. మోకాలు దెబ్బతినేది దిగేటప్పుడే. భుజం పట్టీ నరాన్ని నొక్కి చెయ్యి తిమ్మిరెక్కితే ఓర్చుకోవద్దు, ఆగి వదులు చెయ్యండి. పట్టించుకోకపోతే చెయ్యి లేవకుండా వారాల తరబడి ఉండిపోవచ్చు.

ఫిజియోథెరపిస్టు మేడం గారు ఫీజు తీసుకోకుండా ప్రతి ఆదివారం వచ్చారు. ముంగాలి (మోకాలి కింద ముందువైపు ఎముక) నొప్పిని వేలితో కనిపెట్టడం ఆవిడ నేర్పిందే. ఎముక లోపలి అంచు వెంబడి జానెడు మేర సలుపుతుంటే వారం పది రోజులు పరుగు తగ్గించి సైకిలు తొక్కితే సర్దుకునే రకం. ఒక్క వేలి కొన పట్టేంత చోటే నొక్కితే ప్రాణం పోయినట్టుంటే, రాత్రి పడుకున్నా నొప్పి ఆగకపోతే, అది ఎముకలో సన్న పగులు కావచ్చు. వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తొలి రోజుల్లో ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు కాబట్టి, ఫిల్ములో ఏమీ లేదని మళ్లీ పరుగెత్తకూడదని గట్టిగా చెప్పారు.

బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే తాత గారి గురించి రాయకపోతే తప్పు. బూటు లోపల మడమ దగ్గర కుట్టు పైకి లేచినచోట సుత్తితో అణిచి, పలచటి తోలు అతికించి ఇచ్చారు. పొక్కు పుట్టేది అక్కడే. పాదం ఒకచోట వేడెక్కుతున్నట్టు అనిపించిన నిమిషమే ఆగి టేపు వెయ్యాలి, బొబ్బ లేచాక కాదు. లోపల పలచటి నైలాన్ సాక్సు, పైన మందంది వేస్తే రాపిడి ఆ రెంటి మధ్యే జరుగుతుంది. కాటన్ సాక్సు చెమట పట్టి ఉంచేస్తుంది. గోళ్లు అడ్డంగా తిన్నగా కత్తిరించాలి.

బావుల్లో ఈత నేర్చిన మన పిల్లలు తల పైకెత్తి ఈదుతారు, వంద మీటర్లకే మెడ పట్టేస్తుంది. పూల్ దగ్గరి లైఫ్‌గార్డు గారు వాళ్లకి పక్కకి పడుకుని ఈదడం, చేతులు పైకెత్తి కాళ్లతోనే పది నిమిషాలు తేలడం నేర్పారు. ఆయన మరీ మరీ చెప్పింది: నీళ్లలోకి మునిగే ముందు గబగబా ఊపిరి తీసి వదలొద్దు. దానివల్ల ఒంట్లో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. ఊపిరి తీసుకోమని గంట కొట్టేది ఆ కార్బన్ డయాక్సైడే. ఆ గంట మోగకుండానే స్పృహ పోతుంది. గట్టు మీద చూసే మనిషి లేకుండా ఒంటరిగా మునగడం ఎంత ఈతగాడికైనా నిషేధం.

ఆరోగ్య కేంద్రం సిస్టర్ గారు తూకం యంత్రం తెచ్చిపెట్టారు. పరుగుకి ముందూ తర్వాతా తూగి, తగ్గిన ప్రతి కిలోకీ లీటరు నుంచి లీటరున్నర ద్రవం నెమ్మదిగా తాగాలి. లీటరు నీటికి ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు, చెంచా అంచు వరకే, కుప్పగా కాదు. ఉత్త నీళ్లే లీటర్లకి లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి వాంతులు, అయోమయం వస్తాయి. ఎండలో మాట తడబడి తూలితే ముందు ఒంటి మీద నీళ్లు కుమ్మరించి గాలి విసరాలి, బండి కోసం వెతకడం ఆ తర్వాత. నొప్పి బిళ్ల వేసుకుని ఎండలో పరుగెత్తితే దెబ్బ కిడ్నీల మీద పడుతుంది. మూత్రం కోలా రంగులోకి మారితే కండరం కరుగుతోందని అర్థం, అదే రోజు ఆసుపత్రికి పోవాలి. చోడి (రాగి) అంబలి కాచి పంపిన అమ్మలందరికీ వేరే దండాలు.

స్పెషల్ ఫోర్సెస్ పనిలో పెద్ద భాగం చూసి రావడం, చూసింది సరిగ్గా చెప్పడం. దానికి సాయపడింది హైస్కూలు సోషల్ సార్. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 మ్యాపు, అంటే 2 సెంటీమీటర్లకి కిలోమీటరు, పరిచి కూర్చోబెట్టారు. దిక్సూచి ఒక్క డిగ్రీ తప్పితే కిలోమీటరుకి 17 మీటర్లు పక్కకి పోతాం. సెల్‌ఫోను జేబులో పెట్టుకుని దిక్సూచి చూస్తే ఎన్ని డిగ్రీలు పోతుందో చేసి చూపించారు. నడిచిన దూరం అడుగులతోనే తెలిసేలా, వంద మీటర్లకి ఎడమ కాలు ఎన్నిసార్లు పడుతుందో పగలు, రాత్రి, ఎక్కుడు, దిగుడు విడివిడిగా లెక్కేయించారు. కాలువ మీది వంతెనకి గురిపెట్టి నడిస్తే, కాలువ చేరాక వంతెన ఏ పక్కనుందో తెలియదు. కావాలనే ఎడమకి తప్పించి నడిస్తే, కాలువ తగలగానే కుడికి తిరగొచ్చు. ఇంత చిన్న కిటుకు గంట వెతుకులాట తప్పిస్తుంది.

గుండె నిబ్బరం సంగతి మళ్లీ హవల్దార్ గారిదే. వారానికొకసారి వాచీలు తీయించి, దూరం చెప్పకుండా నడిపించారు. అయిపోయిందనుకున్న జెండా దగ్గర ఇంకో రెండు కిలోమీటర్లన్నారు. కాళ్లకన్నా ముందు మనసు కూలేది అక్కడే. కాబట్టి మొత్తం దూరం తలచుకోకుండా ఎదుటి చెట్టు వరకే ఆలోచించడం అలవాటు చేశారు. మానేయాలనిపిస్తే ఆ రాత్రి నిర్ణయించుకోవద్దు, తెల్లారి ఏదన్నా తిన్నాక ఆలోచించమన్నారు. ఊపిరి ఎగపోస్తుండగానే పళ్లెంలో పదిహేను వస్తువులు నిమిషం చూపించి, అరగంట తర్వాత రాయించారు. మనుషుల్ని చూసొచ్చినప్పుడైతే ఎంతమంది, ఏం చేస్తూ, ఎక్కడ, ఎన్నింటికి, చేతిలో ఏముంది అనేవి రాయాలి. చూసింది ఒక కాగితం మీద, అనుకున్నది ఇంకో కాగితం మీద. రెండూ కలిపి రాసిన వాళ్ల కాగితం చింపేసేవారు. నిద్ర మానేసే సాధన మాత్రం ఒక్క రాత్రి కూడా చేయించలేదు.

ట్యూబు సంచులు నాలుగు, మ్యాపు జిరాక్సులు, తూకం యంత్రం కమిటీ గదిలో ఉన్నాయి. వచ్చే సెలవుల్లో ఎవరికి కావాలన్నా తీసుకోవచ్చు. వానకి ట్యూబుల్లో ఇసుక తడిసి ఉంటుంది, రాసున్న అంకె నమ్మకుండా తూచి మరీ మొయ్యండి.