రైలు బొమ్మ ఇంట్ల విప్పాలా వద్దా?

ఎడిటర్ గారికి నమస్తే,

పోయిన ఆదివారం మీ పేపర్ల కరెంటు బొమ్మలు చెడిపోతే ఇంట్ల విప్పొద్దు, మెకానిక్‌కే ఇయ్యాలె అని రాసిన్రు. సగం నిజమే గానీ మా మిర్యాలగూడల రైలు బొమ్మ బాగుచేసేటోడు ఏ గల్లీల ఉన్నడో ఆ రాసినాయన చెప్తే బాగుండు.

నేను రైస్ మిల్లుల ఎలక్ట్రీషియన్‌ని. మా బావమరిది అమెరికాకెల్లి వస్త వస్త మా పోరనికి హెచ్ఓ రైలు సెట్టు తెచ్చిండు, అంటే అసలు రైలుల 87వ వంతు, పట్టాల నడుమ సందు 16.5 మిల్లీమీటర్లు. మావోడు మా స్టేషన్‌కు నారాయణాద్రి వచ్చే టైముకే ఇంట్ల గూడ బండి తిప్పుతడు. ఎనిమిది నెలలు మంచిగనే తిరిగింది, తర్వాత మలుపు కాడ ఆగుడు, వేలుతోని తోస్తే కదులుడు. హైదరాబాద్ల ఒక షాపుకు ఫోన్ చేస్తే బండి మొఖం గూడ చూడకుండ "బోర్డు పోయింది, మొత్తం మార్చాలె" అన్నడు.

రోజూ 415 వోల్టుల మోటర్లు విప్పేటోన్ని, అరచేతిల పట్టే ఇంజన్ విప్పనీకి వారం రోజులు జంకిన, ఎందుకంటే ఆ చిన్న చిన్న క్లిప్పులు ఇరిగితే యాడ దొరుకుతయ్? ఆఖరికి విప్పితే చక్రాల ఇరుసుకు మా ఇంటామె తలవెంట్రుక గట్టిగ చుట్టుకొని ఉంది, చక్రాల మీద నల్లటి జిడ్డు. పట్టాల కరెంటు చక్రాలకొస్తది, చక్రాలను రాసుకునే రేకులు దాన్ని లోపటికి ఇస్తయి, నడుమ మురికి పేరుకుంటే బోర్డు ఏం జేస్తది పాపం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ల దూది ముంచి తుడిచిన, నడిచింది.

గంతటితోని ఊకుంటే అయిపోవు. లైటు గూడ మార్దామని మళ్ల విప్పి బిగించేటప్పుడు మోటర్ వైరు నలిగి చాసిస్‌కు తగిలింది, చిప్‌తోని నడిచే బండిల అది అస్సలు తగలొద్దు, స్విచ్ ఏసుడే ఆలస్యం డీకోడర్, అంటే మోటర్‌ను నడిపే ఆ చిప్, కాలిన వాసన. తప్పు నాదే, మీటర్ పెట్టి చూసుకోకుండనే కరెంటిచ్చిన.

అందుకే విప్పాలా వద్దా అంటే నేను ఇట్ల చెప్త. తుడుసుడు, తెగిన వైరు అతుకుడు, మోటర్ లోపటికి కరెంటిచ్చే కార్బన్ బ్రష్‌లు చూసుడు ఎవరన్న చేసుకోవచ్చు. ఎనిమిది పిన్నుల ప్లగ్ ఉన్న బండయితే డీకోడర్ పీకి దాని జాగల డమ్మీ ప్లగ్ (చిప్ లేకుండ పట్టాల కరెంటును సీదా మోటర్‌కు ఇచ్చేది) పెట్టి 12 వోల్టుల డీసీ ఇయ్యండ్రి, ఉరికితే మోటర్ మంచిదే, జబ్బు చిప్‌ది. ఆ చిప్‌ను గెలకొద్దు, కొత్తది ఏసుకోవాలె, కానీ ఏసేముందు ఆ డీసీ మీదనే చక్రాలు ఒక్క సెకను ఆపిపట్టి మోటర్ ఎన్ని ఆంపియర్లు గుంజుతుందో చూడాలె, చిప్ ఓర్సుకునే దానికన్న ఎక్కువుంటే కొత్తది గూడ మాడుతది. ఇగ గోడకు పెట్టే అడాప్టర్ జోలికి మాత్రం పోవద్దు, 230 వోల్టులు, ప్లగ్ పీకినంక గూడ కెపాసిటర్ల కరెంటు నిలిచి ఉంటది. ఆ ముచ్చట్ల మీ పేపర్ రాసింది నూటికి నూరు పాళ్లు కరెక్టే.

నా కోపమల్లా వేరే. డబ్బాల పది భాషల్ల జాగ్రత్తలు రాసిన్రు, లోపటి వైర్లు ఎట్ల కలుస్తయో చూపే సర్క్యూట్ పటం ఒక్కటి లేదు. కొన్న సామాను బాగుచేసుకునే హక్కు, అదే రిపేర్ హక్కు, మీద కేంద్రం 2022 జూలైల కమిటీ ఏసింది, వ్యవసాయ పనిముట్లు, మొబైళ్లు, ఇంటి సామాన్లు, బండ్లు అని నాలుగు రకాలు ముందుగాల పెట్టిన్రు, అదే ఏడు డిసెంబర్ 24న పోర్టల్ గూడ తెరిసిన్రు. బొమ్మల పేరు ఆ నాలుగిట్ల లేదు. విప్పొద్దు అని రాసిన జాగలనే దీని గురించి గూడ ఒకపారి రాయుండ్రి.

మావోని బండికి కొత్త డీకోడర్ ఇంక రాలేదు, డమ్మీ ప్లగ్ మీదనే తిరుగుతుంది.

ఒక పాఠకుడు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా