కామిక్స్‌ను మళ్లీ పిల్లల చేతికి అందించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికా కామిక్స్ దుకాణాలకు దశాబ్దాల పాటు పుస్తకాలు సరఫరా చేసిన డైమండ్ సంస్థ 2025 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. అదే ఏడాది సెప్టెంబరులో, ఇరవై ఏళ్లు దాటిన ఎడబాటు తర్వాత, అమెరికాలోని రెండు పెద్ద కామిక్స్ కంపెనీలైన మార్వెల్, డీసీల వీరులు మళ్లీ ఒకే పుస్తకంలోకి వచ్చారు. మార్వెల్ వారి డెడ్‌పూల్, డీసీ వారి బ్యాట్‌మ్యాన్ కలిశారని తెలిసి నాలాంటి పాత పాఠకులు పండగ చేసుకున్నారు. ఆ సంబరంలో జనవరి నాటి వార్త మరుగున పడిపోతోందన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

1980ల చివర్లో మా నాన్నగారు ఆదివారాలు నన్ను ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల దగ్గరికి తీసుకెళ్లేవారు. డీసీ వారి సూపర్‌మ్యాన్, మార్వెల్ వారి స్పైడర్‌మ్యాన్ మొదటిసారి తలపడిన 1976 నాటి పుస్తకం నాకు అక్కడే దొరికింది. మామూలు కామిక్స్ కంటే చాలా పెద్దది, దినపత్రికలా రెండు చేతులా పట్టుకుని చదవాలి. చివరి కాగితాలు లేవు. అందులో ఒక బొమ్మ ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కోపంతో పిడికిలి విసిరిన సూపర్‌మ్యాన్, తగిలితే ఎదుటివాడు బతకడని గుర్తొచ్చి ఆఖరి క్షణంలో చేయి ఆపుకుంటాడు. ఆ గాలి విసురుకే స్పైడర్‌మ్యాన్ ఎగిరి ఎంతో దూరం వెళ్లిపోతాడు. ఆ ఒక్క పేజీ మీద మా వీధి పిల్లలం వారం రోజులు వాదించుకున్నాం. గయుడి కోసం కృష్ణార్జునులు ఎదురెదురుగా నిలబడితే తెల్లవార్లూ నాటకం చూసిన ఊళ్లు మనవి. ఇద్దరూ మనవాళ్లే అయినప్పుడు కలిగే ఆ గుబులు మాకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

అలాంటి కలయికలు అరుదు కాబట్టే వాటికి అంత విలువ. డీసీ వీరుల జట్టు జస్టిస్ లీగ్, మార్వెల్ వీరుల జట్టు అవెంజర్స్ కలిసే కథకు చిత్రకారుడు జార్జ్ పెరెజ్ 1983లోనే సుమారు ఇరవై పేజీలు గీశారు. రెండు కంపెనీల తగవులో అది మూలనపడింది. ఆయన ఇరవై ఏళ్లు ఎదురుచూసి, 2003లో రచయిత కర్ట్ బ్యూసిక్‌తో కలిసి మళ్లీ మొదటి నుంచి గీశారు. ఒక సంచిక ముఖచిత్రం మీద రెండు జట్లలోని రెండు వందలకు పైగా వీరులను, ఎవరి ముఖం వారికే ఉండేలా నిలబెట్టారు. 2022లో ఆయన క్యాన్సర్‌తో చివరి రోజుల్లో ఉన్నప్పుడు ఒక సేవాసంస్థ ఆ కథను 7,000 కాపీలు మళ్లీ అచ్చు వేసింది. ఆ మే నెలలోనే ఆయన కన్నుమూశారు. కేవలం 7,000 కాపీలు! చేతికందిన వాళ్లు అదృష్టవంతులు.

ఈ రంగం చితికిపోవడానికి పిల్లలు చదవడం మానేయడమే కారణమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఒకప్పుడు అమెరికాలో మందుల షాపుల్లో, పత్రికల స్టాళ్లలో కామిక్స్ దొరికేవి. క్రమంగా అవి ప్రత్యేక దుకాణాలకే పరిమితమయ్యాయి. దాచిపెడితే ధర పలుకుతుందన్న ఆశ పెద్దలకు పుట్టింది. 1991లో మార్వెల్ వారు ఎక్స్‌మెన్ కొత్త సిరీస్ మొదటి సంచికను ఐదు ముఖచిత్రాలతో తెచ్చి 80 లక్షలకు పైగా కాపీలు అమ్మారు. మరుసటి ఏడాది సూపర్‌మ్యాన్ మరణించిన సంచిక నల్లటి సంచిలో మూసి వచ్చింది, కొన్నవాళ్లలో చాలామంది దాన్ని విప్పనే లేదు. విప్పని పుస్తకాన్ని ఏ పిల్లవాడు చదువుతాడు? ఆ బుడగ పేలి 1996 డిసెంబరులో మార్వెల్ దివాలాకు వెళ్లింది. పంపిణీ సంస్థలు ఒక్కొక్కటిగా మూతపడి చివరకు దాదాపు అన్ని దుకాణాలూ డైమండ్ ఒక్కదాని మీదే ఆధారపడ్డాయి. ఇక ఒకే కంపెనీలోని వీరుల కలయికలు ఏటేటా జరిగే తంతు అయ్యాయి. ఒక్క కథ పూర్తిగా తెలియాలంటే పది రకాల సంచికలు కొనాలి, ఒక్కోటీ నాలుగైదు డాలర్లు. 1976లో మామూలు సంచిక ధర 30 సెంట్లు.

అదే అమెరికాలో పాఠశాలల్లో, పుస్తకాల దుకాణాల్లో పిల్లల బొమ్మల నవలలూ మాంగా అనే జపాన్ బొమ్మల కథల పుస్తకాలూ విపరీతంగా అమ్ముడవుతున్నాయి. అందుబాటులో పెడితే పిల్లలు చదువుతారు.

ఇందులో మనం చేయగలిగింది కూడా ఉంది. మనమందరం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. శాఖా గ్రంథాలయాల బాలల విభాగాల్లో కామిక్స్‌కు ఒక అర కేటాయించాలని, ఏటా కొనే పుస్తకాల జాబితాలో వాటిని చేర్చాలని జిల్లా గ్రంథాలయ సంస్థలను కోరుతున్నాను. పిల్లలు నలిపేస్తారన్న భయంతో బీరువాలో పెట్టి తాళం వేయవద్దు. నలగనివ్వండి, చిరిగితే అతికించుకుందాం. మీ ఆదివారం అనుబంధంలో కూడా తెలుగు చిత్రకారులు గీసిన ధారావాహిక బొమ్మల కథకు ఒక పేజీ ఇవ్వాలని మనవి.

నా దగ్గర రెండు పెట్టెల నిండా కామిక్స్ ఉన్నాయి. పిల్లల చేతికి ఇస్తామని ఏ గ్రంథాలయం ముందుకొచ్చినా వాటిని స్వయంగా తెచ్చి అప్పగిస్తాను. ఆబిడ్స్‌లో కొన్న ఆ పెద్ద పుస్తకం కూడా వాటిలోనే ఉంది.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు,
హైదరాబాద్