కార్గిల్–లేహ్ విమానం కోసం కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారాలు.

మీరు తెలుగువారు కాబట్టి, ఉద్యోగరీత్యా కార్గిల్‌లో కాపురముంటున్న నేను ఈ ఊరి గోడును మన భాషలోనే విన్నవించుకుంటున్నాను. ఇక్కడివారు పౌర విమానం కోసం ఉర్దూలోనూ ఇంగ్లీషులోనూ పెట్టుకున్న అర్జీలకు ఇంతవరకూ అతీగతీ లేదు.

కార్గిల్ విమానాశ్రయం నుంచి లేహ్ విమానాశ్రయానికి ఆకాశమార్గాన దూరం సుమారు 135 కిలోమీటర్లు. చిన్న విమానమైనా ముప్పావుగంటలోపే దిగుతుంది. రోడ్డున పోతే 200 కిలోమీటర్లు దాటుతుంది. నమికా లా, ఆ తరువాత 4,100 మీటర్ల ఎత్తున ఉన్న ఫోటు లా అనే కనుమలు ఎక్కి దిగాలి. వేసవిలోనే ఐదారు గంటలు పట్టే ఈ ప్రయాణం మంచు పడితే ఎప్పటికి ముగుస్తుందో డ్రైవరు కూడా చెప్పలేడు. శ్రీనగర్ వైపు వెళదామంటే చలికాలంలో జోజి లా కనుమ మూసుకుపోతుంది. అక్కడ తవ్వుతున్న సొరంగం పూర్తయ్యేదాకా ఓపిక పట్టమంటున్నారు, కానీ రోగం ఓపిక పట్టదు కదండీ.

మా పక్కింటి పెద్దాయనకు ఊపిరి అందక ఢిల్లీ తీసుకువెళ్లవలసి వచ్చినప్పుడు, చక్రాలకు గొలుసులు కట్టిన సుమోలో, ఆక్సిజన్ సిలిండరు దొర్లిపోకుండా కొడుకు రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుని కూర్చున్నాడు. ఫోటు లా దగ్గర మంచు తొలగించేవరకు బండి కదలలేదు. మధ్యాహ్నం గాలులు ఎక్కువ కావడంతో లేహ్‌లో ప్రయాణికుల విమానాలు ప్రధానంగా ఉదయం పూటే నడుస్తాయని మీకు తెలుసు. వీళ్లు చేరేసరికి ఆనాటి విమానాలు వెళ్లిపోయాయి. ఆ రాత్రంతా ఆ ఎత్తులో, ఆ చలిలో ఆయన పడిన యాతన ఎవరూ పడకూడదు.

చలికాలంలో వాయుసేన వారు నడిపే ఏఎన్-32 విమాన సర్వీసు కార్గిల్ కొరియర్‌కు మేమంతా రుణపడి ఉన్నాము. అయితే అది వాతావరణం అనుకూలిస్తేనే వస్తుంది, వచ్చినా అందరికీ చోటు చాలదు. పరీక్షలకు వెళ్లే పిల్లలు, కాన్పుకు వెళ్లే ఆడవాళ్లు, మందుల కోసం వెళ్లే ముసలివాళ్లు ఒకే జాబితాలో తమ పేరు కోసం వెతుక్కుంటారు. సైన్యం చేస్తున్న ఈ సాయాన్ని చూపించి, పౌర విమానం అవసరం తీరిందనుకోవడం న్యాయం కాదు.

చుట్టూ కొండలు, పలుచని గాలి, పొట్టి రన్‌వే అన్నవి నిజమైన ఇబ్బందులే, కాదనను. కానీ నేపాల్‌లోని లుక్లాలో 2,800 మీటర్లకు పైన, ఇంతకన్నా ఎంతో చిన్న రన్‌వే మీద చిన్న విమానాలు దిగుతున్నాయి. మన ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ తయారుచేసిన డోర్నియర్ అనే చిన్న విమానం 2022 నుంచి అరుణాచల్‌లోని పాసీఘాట్‌కు ప్రయాణికులను చేరవేసింది. ఇక్కడికి ఏ విమానం సరిపోతుందో నిపుణులే తేల్చాలి. ఆ తేల్చే పని మొదలుపెట్టమనే మా ప్రార్థన. ప్రయాణికులు తక్కువని విమానసంస్థలు వెనకాడితే, ఆ లోటు పూడ్చడానికే కదా చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ ఉన్నది.

దయచేసి లేహ్–కార్గిల్–శ్రీనగర్ మధ్య వారానికి కొన్ని రోజులైనా పౌర విమానం నడిపించండి. అది కుదిరేవరకు, వచ్చే చలికాలం నుంచే రోగులకు విడిగా సీట్లు కేటాయించేలా రక్షణ శాఖతో మాట్లాడండి. ఎప్పటికి నడుపుతారో, నడపలేకపోతే ఎందుకు నడపలేరో, మంచు పడకముందే మాకు రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
భవదీయుడు,
కార్గిల్‌లో నివసిస్తున్న ఒక తెలుగు ఉద్యోగి